చదువునందలి సంతోషము



మన పల్లెలలో పసివాడు అల్లరి చేయునపుడు ఇంటి పెద్దలు వానిని బెదరించుటకు చెప్పు మాటలు రెండు కలవు. "బూచివాడు వచ్చుచున్నాడు" అనునది మొదటిది. "ఉండు, నిన్ను బడిలో వేసెదను" అనునది రెండవది. బూచివాడు ఎన్నడును కంటబడడు గనుక ఆ భయము కొన్నాళ్లకు దానంతట నదియే తీఱిపోవును. బడి యట్లు కాదు. అది ప్రతిదినము నెదుట నిలిచియుండును. ఐదేండ్లు నిండక మునుపే ఇంటివారు నాటిన యీ భయమును పెఱికివేయుటకు ఉపాధ్యాయునకు మొదటి సంవత్సర మంతయు చాలదు.

పిల్లలకు చదువు సంతోషకర మగుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగ విషయము. ఇది పంతుళ్లు తమలో తాము తేల్చుకొనవలసినది, గ్రామపెద్దలకు దీనితో ఏమి పని యని మీరు తలపవచ్చును. ఉపాధ్యాయుని పని యొకటి, పెద్దల పని యొకటి, రెండును కలిసిననే గాని యిది సాధ్యము కాదు. ఆ రెంటిని గుఱించియు నాకు తోచినది మనవి చేసెదను.

మా ద్వారకా తిరుమలకు దూరము కాని దూబచర్లలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ యొకటి కలదు. అట్టి శిక్షణము పొందుచున్న యువకు డొకడు, నా పూర్వశిష్యుని కుమారుడు, సెలవులలో నాయొద్దకు వచ్చి కూర్చుండుట వాడుక. ఒకనాడు అతడు ఒక పుస్తకమును తెచ్చి చూపెను. పిల్లలకు చదువును వినోదముగా చేయు ఉపాయములను అందులో వరుసగా వ్రాసి పెట్టుకొనెను. పాటలు, రంగు చీటీలు, మట్టి బొమ్మలు, తోలుబొమ్మలు, పొడుపుకథలు - నలువదికి తక్కువ లేవు. "మాస్టారుగారూ, వీనిలో మేలైన దేది?" అని యడిగెను. నేనును ఒక ప్రశ్న వేసితిని. "అన్నియు బాగుగనే యున్నవి, నాయనా. ఆట ముగిసిన పిమ్మట పిల్లవానియొద్ద మిగులున దేమి?" అతడు కొంత తడవు ఆలోచించి, "నవ్వు మిగులునండి" అనెను. "నవ్వు మంచిదే. ఇల్లు చేరు నప్పటికి అదియు మఱపునకు వచ్చును. ఇంకేమి మిగులవలెను?" అంటిని. అతడు వెడలిపోయి వారము దినముల తరువాత మరల వచ్చి, "ప్రశ్న మిగులవలె ననుకొందునండి" అని చెప్పెను. ఈ యువకుడు మంచి ఉపాధ్యాయుడు కాగల డని నాకు నాడు నమ్మకము కలిగినది.

చదువులో సంతోషము రెండు విధములు. చేదు మాత్రకు బెల్లము చుట్టి మ్రింగించుట ఒక విధము. పిల్లవాడు బెల్లమును చప్పరించి మాత్రను ఉమిసివేయును. ఆటలాడించి, మిఠాయి పంచి, నడుమ నడుమ పాఠమును చొప్పించుట ఇట్టిది. పిల్లవానికి ఆకలి పుట్టించి అన్నము పెట్టుట రెండవ విధము. ఆకలి రుచి యెఱుగ దందురు. ఆకలి గొన్నవానికి పచ్చడి మెతుకులును పరమాన్నమే. తెలిసికొనవలె నన్న ఆకలిని పుట్టించుట ఉపాధ్యాయుని విద్య. తనంతట తాను తెలిసికొంటి ననుకొనునపుడు పిల్లవాని ముఖమున కనబడు వెలుగే చదువునందలి నిజమైన సంతోషము. అది వచ్చుటకు శ్రమ కావలెను. శ్రమ లేకుండ చదువు వచ్చునని ఏ ఉపాధ్యాయుడైనను చెప్పినచో మీరు నమ్మవలదు. ఇష్టపడి చేసిన శ్రమ పిల్లవానిని అలయింపదు, అంతియే.

ఈ మాట క్రొత్తది కాదు. తైత్తిరీయోపనిషత్తునందు భృగువల్లి యను భాగము కలదు. భృగువు తన తండ్రియైన వరుణుని చేరి, బ్రహ్మము ననుగ్రహింపు మని యడిగెను. వరుణుడు కొన్ని గుఱుతులు మాత్రము చెప్పి, తపించి తెలిసికొను మనెను. కుమారుడు తపించి వచ్చి, అన్నమే బ్రహ్మ మని తెలిసికొంటి ననెను. తండ్రి, తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. ఇంకను తపింపు మనెను. రెండవమాఱు ప్రాణము, మూడవమాఱు మనస్సు, నాలుగవమాఱు విజ్ఞానము. ప్రతిమాఱును తండ్రి యొద్దనుండి వచ్చిన దొకే యాజ్ఞ. ఐదవమాఱు కుమారుడు ఆనందమే బ్రహ్మ మని తెలిసికొనెను. ఆ పిమ్మట తండ్రిని అడుగవలసిన పని లేకపోయెను. వేదాంతార్థమును పండితుల కుంచి, పంతులుగా నేను గ్రహించిన దొకటి చెప్పెదను. వరుణునకు తుది యుత్తరము మొదటనే తెలియును. ఆనాడే చెప్పివేసినచో భృగువునకు ఒక మాట దక్కెడిది గాని ఆనందము దక్కెడిది కాదు. గురువు తెలిసియు చెప్పక, శిష్యుని మరల మరల వెనుకకు పంపెను. అందుకు ఎంత ఓరిమి కావలెనో, బడిలో పనిచేసినవారికి తెలియును.

మన పాత వీథిబడులు ఈ విషయమున ఎట్లుండెడివి? వానిలో సంతోష మేమియు లేదనుట న్యాయము కాదు. అరుగుమీద ఇసుక పోసి, వ్రేలితో గుంట ఓనమాలు దిద్దించెడివారు. తప్పు వచ్చినచో అఱచేతితో చెఱిపి మరల వ్రాయవచ్చును. తప్పు చేయుటకు వెఱపు లేని పలక అది. ఎక్కములను సాయంకాలము రాగయుక్తముగా అందఱును కలిసి చెప్పెడివారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుచు తామును నేర్చెడివారు. దసరా దినములలో పంతులుగారు పిల్లలను వెంట బెట్టుకొని ఇల్లిల్లును తిరుగగా, పిల్లలు విల్లంబులు చేతబట్టి పద్యములు పాడుటయు, ఇంటివారు పప్పుబెల్లములు పంచి పంతులుగారికి కానుక సమర్పించుటయు మన తాతలు తమ కన్నులార చూచినవే. ఊరంతయు బడిని తన గుమ్మములోనికి పిలిచిన పండుగ యది.

మన వీథిబడిని చూచి పరదేశస్థు డొకడు నేర్చుకొన్న సంగతియు వినదగినది. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు 1787లో మదరాసునకు వచ్చి, ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకు డయ్యెను. ఆ ప్రాంతపు వీథిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించు పద్ధతిని కూడ అచ్చటనే పెంపొందించి, 1797లో లండనులో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ పద్ధతి మదరాసు పద్ధతి యను పేరుతోనే ఇంగ్లండులో వ్యాపించినది.

ఇక ఆ బడియందే కోదండము, గోడకుర్చి, తొడపాశము కూడ నుండెడివి. పిల్లవాని చేతులు త్రాటికి కట్టి దూలమునకు వ్రేలాడదీయుటయే కోదండము. మన మా బడినుండి ఇసుకను, పాటను, తోడి పిల్లవాని సాయమును ఉంచుకొని కోదండమును విడిచిపెట్టవలసినది. చాలచోట్ల జరిగినది తారుమారు. పాటయు ఇసుకయు పోయినవి, బెత్తము నిలిచినది. "కన్నులు రెండును విడిచి, తోలు ఒలిచివేయండి" అని చెప్పి పిల్లవానిని పంతులునకు అప్పగించిన తండ్రులను నేనే యెందఱినో చూచితిని. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మానసికముగా హింసించుటను నిషేధించినది. 2010 ఏప్రిలు మొదటి తేదినుండి అది అమలులోనికి వచ్చినది. పంతులు బెత్తమును చట్టము తీసికొన్నది. తండ్రి నోటి మాటను ఏ చట్టమును తీసికొనజాలదు.

విద్యను వినోదముగా చేయుట పండితులకు తగదని కొందఱ యభిప్రాయము. అట్టివారు అవధానమును జ్ఞాపకము తెచ్చుకొనవలెను. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, నడుమ నడుమ గంటలు లెక్కించుట, అప్రస్తుత ప్రసంగము - ఇది ఆట కాక మఱేమి? ఆ యాటయందే ఛందస్సు, వ్యాకరణము, ధారణ అన్నియు పరీక్షకు నిలుచును. దానిని ఊరూరను జనులకు చూపించిన తిరుపతి వేంకట కవులలో ఒకరగు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు మన భీమవరము దాపున యండగండి యందు జన్మించినవారే. రెండవవారగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిరి. మూడవ తరగతి పిల్లలకు అవధానము చేయించు మని నేను చెప్పను. "క అను అక్షరము లేకుండ నీ భోజనమును గుఱించి చెప్పుము" అని యొక పిల్లవానిని అడిగి చూడుడు. నిషిద్ధాక్షరి సొగసు ఏమో తరగతి కంతకును తెలియును. వాడు కూర పేరు చెప్పలేక తడబడుచు, చారు అని తప్పించుకొనునపుడు కలుగు నవ్వులో అక్షరజ్ఞానము నిలిచిపోవును.

రేపటి ఉపాధ్యాయుడు దారి చూపినవారిని కొందఱ నెఱిగి యుండవలెను. మొదటివారు గిడుగు వేంకట రామమూర్తిగారు. వారు 1863 నుండి 1940 వఱకు జీవించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, కొండలలోని సవరల భాషను తాము నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషయందే చదువు చెప్పించుటకు బడి పెట్టి, వాచకములు రచించిరి. పిల్లవాని భాషను గురువు ముందుగా నేర్చుకొనవలె నన్నది వారి బ్రతుకు చెప్పు పాఠము. నేను గ్రాంథికమున మాటాడుచు గిడుగువారిని స్తుతించుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. పెద్దల యెదుట ఈ భాష నా యలవాటు. ఒకటవ తరగతి పిల్లల యెదుట నేనెన్నడును దీనిని వాడి యెఱుగను.

రెండవవారు ఈ రేడియోకు సంబంధించినవారే. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు అను దంపతులను తెలుగునాట పిల్లలందఱును రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పిలిచిరి. మదరాసు రేడియోలోను, తరువాత హైదరాబాదులోను వారు పిల్లల కార్యక్రమములను నడపిరి. 1945లో బాల యను మాసపత్రికను స్థాపించిరి. పెద్దలు పాడి పిల్లలకు వినిపించుటతో వారు తృప్తిపడలేదు. పిల్లలనే పిలిచి, పాడించి, నాటికలు వేయించి, కథలు చెప్పించిరి. వినువాడుగా నున్న పిల్లవానిని చెప్పువానిగా చేయుటయే వారి విశేషము.

మూడవది మదనపల్లె దాపున రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తిగారి పేరుతో ముడిపడిన ఆ విద్యాలయపు చుట్టుపట్ల పల్లెలలో, పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ పాఠశాలలను ఒక క్రొత్త పద్ధతిలో నడపిరి. పాఠ్యపుస్తకమును విడదీసి చిన్న చిన్న చీటీలుగా చేసి, నిచ్చెన మెట్లవలె అమర్చిరి. ప్రతి పిల్లవాడును తన మెట్టు తానెఱిగి, తన వేగమున తానెక్కును. జ్వరము వచ్చి పది దినములు మానిన పిల్లవాడు, మరల వచ్చినపుడు తాను విడిచిన మెట్టునుండియే మొదలిడును. వానికి సిగ్గుపడ నవసరము లేదు. పిల్లలే దుకాణములు పెట్టి, తూచి, కొలిచి, అమ్ము సంతలు జరిపించిరి. ఊరి తల్లులను బడికి పిలిచి కథలు చెప్పించిరి. కర్ణాటకములో 1995లో హెగ్గడదేవనకోట ప్రాంతమున మొదలైన నలి-కలి యను పద్ధతికి ఇదియే ప్రేరణ. నలి-కలి యనగా ఆడుచు నేర్చుకొను మని యర్థము. ఆ పద్ధతి పేద పల్లెల బడులలో పుట్టి పెరిగిన దనుట గుఱుతుంచుకొనవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వఱకు ఆటపాటల మూలముననే చదువు సాగవలె నని చెప్పుచున్నది. తెలుగు పల్లెలలో అంతకు ముందే కొందఱు చేసి చూపిన పని యది.

ఇక మన ప్రాంతమున రేపటి ఉపాధ్యాయునకు గల సామగ్రి యేమి? బజారులో కొనవలసినది తక్కువ, చూడవలసినది ఎక్కువ. ద్వారకా తిరుమల స్వామికి ఏటా రెండు కల్యాణోత్సవములు జరుగునని మీ రెఱుగుదురు. స్వయంభూమూర్తి వైశాఖమున వెలసెననియు, సంపూర్ణ విగ్రహమును ఆశ్వయుజమున ప్రతిష్ఠించిరనియు పెద్దలు చెప్పుదురు. వైశాఖమునుండి ఆశ్వయుజమునకు ఎన్ని నెలలని పిల్లలనడిగినచో వ్రేళ్లు మడిచి ఐదని చెప్పుదురు. అయిన 2023లో ఆఱు నెలలేల పట్టినది? ఆ యేడు శ్రావణము రెండు మాఱులు వచ్చినది గదా! అధికమాస మేల వచ్చును? చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములు, సూర్యుని సంవత్సరము సుమారు 365. ఏటికి పదునొకండు దినముల వెలితి మూడేండ్లలో ఒక నెలకు మించును. ఆ నెలను ఎక్కడనో యొకచోట చేర్పకున్నచో కొన్నాళ్లకు సంక్రాంతి వేఱొక మాసమున పడును. తీసివేత, గుణకారము, ఖగోళము - మూడును కల్యాణపు పందిటి క్రిందనే దొరకినవి.

కామవరపుకోట దాపున గుంటుపల్లి కొండను పిల్లలకు చూపవలెను. రెండు వేలయేండ్లకు పైబడిన బౌద్ధ గుహలవి. గుండ్రని చైత్యగృహపు కప్పులో, ఱాతియందే వాసములు చెక్కియున్నవి. ఱాతికి వాసము లేల యని యొక పిల్లవాడైనను అడుగును. అంతకుముందు కట్టెతో, గడ్డితో కట్టిన యిండ్లను చూచి శిల్పి యట్లు చెక్కె నని చెప్పినచో, తన తాత పూరిల్లు చరిత్రలో నెక్కినదని వాడు మురిసిపోవును. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో తూకము, గోనెసంచి తరుగు, ధర - లెక్కలకు ఇంతకంటె మంచి బడి లేదు.

అన్నిటికంటె గొప్ప పాఠము కొల్లేరు. ఇది నా యనుభవము గనుక కొంచెము వివరముగా చెప్పెదను. 1990 దశకమున నేను కొల్లేటి యొడ్డు గ్రామ మొకదానిలో పనిచేసితిని. ఏడవ తరగతిలో ఒక బాలు డుండెను. ఏ పక్షి యెగిరినను రెక్కల చప్పుడు విని పేరు చెప్పగలడు. లెక్కలలో మాత్రము వానికి సున్న. ముఖ్యముగా తొట్టి లెక్క యనగా వానికి భయము. ఒక గొట్టము తొట్టిని 6 గంటలలో నింపును, మఱియొకటి 12 గంటలలో నింపును, తూము 8 గంటలలో ఖాళీ చేయును, మూడును తెఱచిన ఎంతసేపటికి నిండును - ఇదియే గదా ఆ లెక్క. నిండుచుండగా తూమును తెఱచిన మూర్ఖు డెవ్వడని వాని ప్రశ్న. వాని తండ్రి, "వీడు మొద్దు. ఈ యేడుతో మాన్పించి చేపల చెఱువు కాపలాకు పెట్టెదను" అని నిశ్చయించి యుండెను.

ఒకనాడు పిల్లలను ఆవరణలోనికి తీసికొనిపోయి, జిగురు మన్నుతో పళ్లెమువంటి గుంటను చేయించితిని. "ఇది కొల్లేరు. ఇందులోనికి నీరు తెచ్చున వేవి?" అంటిని. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అని కేకలు వేసిరి. మూడు కాలువలు త్రవ్విరి. "బయటికి పోవునది?" "ఉప్పుటేరు!" ఒక కాలువ త్రవ్విరి. చెంబులతో నీరు పోసిరి. పిమ్మట ఉప్పుటేటిలో గుప్పెడు మన్ను వేసి మరల పోయు డంటిని. గుంట త్వరగా నిండి గట్టుమీదుగా పొరలినది. వారి యిండ్లలోనికి ఏటేట వచ్చు వఱద ఎట్లు వచ్చునో చేతులతో చూచిరి. అప్పుడు నల్లబల్లమీద తొట్టి లెక్క వ్రాసితిని. గంటకు ఆఱవ వంతును పండ్రెండవ వంతును చేరుచున్నవి, ఎనిమిదవ వంతు పోవుచున్నది. మిగులునది ఎనిమిదవ వంతు. కావున 8 గంటలు. తూము సగము పూడి, ఖాళీ చేయుటకు 16 గంటలు పట్టిన యెడల? 5 గంటల 20 నిమిషములకే నిండిపోవును. ఈ రెండవ లెక్కను తరగతిలో మొదట చేసినవాడు ఆ బాలుడే.

చేసి యూరకుండలేదు. "అయ్యా, వేసవిలో పోటు వచ్చినపుడు సముద్రపు నీరు ఉప్పుటేటివెంట వెనుకకు ఎక్కును గదా. నింపునదియు ఖాళీ చేయునదియు ఒకే గొట్ట మైనచో లెక్క యెట్లు వేయవలెను?" అని యడిగెను. పాఠ్యపుస్తకము వ్రాసినవారికి తోచని ప్రశ్న యది. నాటి సాయంకాలము వాని తండ్రి యింటి కేగి, బాలునిచేతనే ఆ లెక్కను తండ్రికి చెప్పించితిని. నీటిని ముప్పదేండ్లు చూచినవాడు గనుక తండ్రికి ప్రశ్న విలువ వెంటనే తెలిసినది. పుత్రుని ముఖమువంక చాలసేపు చూచి, "వీనికి ఇంత తెలియునా?" అనెను. బడి మాన్పింపలేదు. బాలుడు పదవ తరగతి పూర్తిచేసెను. అట్టి మఱి నలుగురు పిల్లలు ఆ యేడే బడి మాని చెఱువు గట్లమీద కాపలాకు పోయిరి. వారి ప్రశ్న లేవో ఎవ్వరును అడుగలేదు.

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్య మైనది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేల యని గుర్తింపబడినది. 2006లో ప్రభుత్వము చేపల చెఱువులను పగులగొట్టించినది. ఇందులో ఏది న్యాయమో, ఎవ్వరి జీవనము ఎట్లైనదో మీలో మీకే భిన్నాభిప్రాయము లుండును. ఆ బాలునివంటివారు పెరిగి పెద్దవారై, నీటి లెక్క తెలిసి మాటాడినపుడే ఆ వివాదమునకు మంచి పరిష్కారము దొరకును. పిల్లల చదువు సంతోషముగా నుండుట విలాసము కాదు, ఊరి యవసర మని నేను చెప్పుటకు ఇదియే కారణము.

ఇప్పుడు పెద్దల పనికి వచ్చితిని. క్రొత్త ఉపాధ్యాయుడు పిల్లలను మన్నులో కూర్చుండబెట్టి కాలువలు త్రవ్వించుచుండగా, ఆ దారిని పోవు పెద్ద యొకడు "ఆటలాడించుటకా ప్రభుత్వము జీతమిచ్చుచున్నది?" అనును. ఆ యొక్క మాటతో ఆ యువకుడు మఱునాటినుండి తలుపు మూసి, ప్రశ్నోత్తరములను వ్రాయించి వల్లెవేయించును. ఎవ్వరును తప్పు పట్టరు. మనము మెచ్చుకొన్న పద్ధతియే బడిలో నిలుచును. ర్యాంకుల ప్రకటనలు చూచి పిల్లలను దూరపు వసతిగృహములకు పంపువారు పెరిగిరి. పంపుట తల్లిదండ్రుల యిష్టము. ఊరి బడిలో మిగిలిన పిల్లలు పేదవారి పిల్లలు. వారికి ఈ బడి తప్ప వేఱొకటి లేదు. కావున దానిని కాపాడు భారము పెద్దలదే.

నేను కోరునవి మూడు. బడి పేరు చెప్పి పసిపిల్లలను బెదరింపకుడు. ఇది మొదటిది, కాసైనను ఖర్చు లేనిది.

సాయంకాలము పిల్లవాడు ఇల్లు చేరగానే "ఎన్ని మార్కులు?" అని యడుగుట మానుడు. "నేడు నీవేమి యడిగితివి? నాకు చెప్పి చూపుము" అనుడు. తప్పు చెప్పినను వరుణునివలె "ఇంకను ఆలోచింపుము" అని యూరకుండుడు. ఇది రెండవది.

మూడవది, మీకు తెలిసిన దానిని బడికి తెండు. మా బడికి ఒకమాఱు ఒక వృద్ధురాలు తన యింటి కుంచము, మానిక, తవ్వ, సోల, గిద్ద మూటగట్టుకొని వచ్చినది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. ఇసుక పోసి కొలిచి, కుంచమునకు అఱువదినాలుగు గిద్దలని పిల్లలే కనుగొనిరి. భిన్నములను చెప్పుటకు నేను రెండు వారములు కేటాయించి యుంటిని. ఆమె రెండు గంటలలో ముగించి, ఇంటిలో పొయ్యిమీద పులుసు ఉన్నదని వెడలిపోయినది. మీలో కార్తెల నెఱిగినవారు కలరు. దోనె కట్టుట, వల అల్లుట, వరి వంగడములు, కొబ్బరి తెగుళ్లు, ఊరి దేవాలయ శాసనములు ఎఱిగినవారు కలరు. నెలకొక గంట మీరు బడిలో కూర్చుండి చెప్పినచో, తన తాత పండితు డని పిల్లవానికి తెలియును. పుస్తకములో నున్నదియు ఊరిలో నున్నదియు ఒకే విద్య యనియు వానికి తెలియును.

రేపటి ఉపాధ్యాయునకు ఒక మాట చెప్పి ముగించెదను. పిల్లలకు సంతోషమును పంచవలె నన్నచో అది ముందు నీయొద్ద నుండవలెను. ప్రతిదినము నీవును ఏదో యొకటి క్రొత్తగా నేర్చుకొనుచుండుము. తాను చదువుట మానిన పంతులు ఎన్ని బొమ్మలు తెచ్చినను పిల్లలు కనిపెట్టివేయుదురు. పెద్దలారా! అట్టి యువకుడు మీ యూరికి వచ్చినపుడు ఒక సంవత్సరము ఓపిక పట్టుడు. బడి ఆవరణలో మన్ను తడిసి, కేకలు వినబడుచున్న యెడల లోనికి వెళ్లి, ఆ కాలువ పేరేమని ఒక పిల్లవానిని అడుగుడు. వాడు చెప్పునది పూర్తిగా వినుడు.